నేరస్థలంలో ఆనవాలు, డేటాబేస్‌లో పేరు: డీఎన్ఏ పోలికలపై తరచుగా అడిగే ప్రశ్నలు

సినిమాల్లో కంప్యూటర్ తెరపై ఫొటోలు గిర్రున తిరుగుతాయి, ఒక ముఖం దగ్గర ఆగుతాయి, ఎర్రటి అక్షరాలు మెరుస్తాయి. నిజానికి అక్కడ ఫొటోలే ఉండవు, కొన్ని అంకెలు మాత్రమే ఉంటాయి. ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు అన్న విషయంపై పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులివి.

డీఎన్ఏ డేటాబేస్‌లో ఏముంటుంది?

ప్రధానంగా రెండు రకాల ప్రొఫైళ్లు, అంటే డీఎన్ఏ నమూనాల నుంచి తీసిన అంకెల వరుసలు, ఉంటాయి. మొదటి రకం పోలీసులకు తెలిసిన మనుషులవి: శిక్ష పడినవారివి, కొన్ని దేశాల్లో అరెస్టయినవారివి కూడా. రెండో రకం నేరస్థలాల్లో దొరికినవి, ఎవరివో తెలియనివి. వీటికి తోడు తప్పిపోయినవారి కోసం, గుర్తు తెలియని మృతదేహాల కోసం విడిగా మరో విభాగం ఉంటుంది.

కొత్తగా చేరిన ప్రతి ప్రొఫైల్‌నూ పాతవాటితో పోలుస్తారు. నేరస్థలం ప్రొఫైల్ ఒక మనిషి ప్రొఫైల్‌తో కలిస్తే దర్యాప్తు అధికారికి పేరు దొరుకుతుంది. ఒక నేరస్థలం ప్రొఫైల్ మరో నేరస్థలం ప్రొఫైల్‌తో కలిస్తే పేరు తెలియదు కానీ, రెండు చోట్లా ఒకే మనిషి ఆనవాలు ఉందని తేలుతుంది. ఈ రెండో దాన్ని జనం పెద్దగా పట్టించుకోరు. నిజానికి వందల మైళ్ల దూరంలో, ఒకరి సంగతి ఒకరికి తెలియని రెండు పోలీసు స్టేషన్లను మొదటిసారి కలిపేది చాలాసార్లు ఇదే.

ప్రపంచంలో తొలి జాతీయ డేటాబేస్‌ను బ్రిటన్ 1995 ఏప్రిల్‌లో ప్రారంభించింది. అమెరికాలో 1994 చట్టంతో పునాది పడి, కోడిస్ అనే వ్యవస్థ 1998లో జాతీయ స్థాయిలో మొదలైంది. నేరస్థలాలవి కూడా కలిపి అందులోని మొత్తం ప్రొఫైళ్లు 2021లో 2 కోట్లు దాటాయి.

అంటే నా జన్యుక్రమం మొత్తం పోలీసుల దగ్గర ఉంటుందా?

ఉండదు. మనిషి జన్యుక్రమంలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి. ప్రొఫైల్ కోసం చూసేది అందులో ఇరవై చోట్లు, అటూ ఇటూగా.

ఆ ఇరవైలో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. 11వ క్రోమోజోముపై టీహెచ్01 అనే చోటు ఉంది. అక్కడ ఎ-ఎ-టి-జి అనే నాలుగక్షరాల ముక్క వరుసగా మళ్లీ మళ్లీ వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. ఒకరికి తల్లి నుంచి 6 సార్లు, తండ్రి నుంచి 9 సార్లు వచ్చి ఉండవచ్చు. అప్పుడు ఆ చోట ఆ మనిషి ప్రొఫైల్ ‘6, 9’. కొందరిలో 9.3 అనే అంకె కనిపిస్తుంది, అది దశాంశం కాదు. తొమ్మిది పూర్తి ముక్కలు, పదోదానిలో మూడక్షరాలు అని అర్థం.

ఇలా ప్రతి చోటుకూ రెండేసి అంకెలు, చివర ఆడో మగో తెలిపే గుర్తు. మొత్తం కలిపి ఫోనులో పంపే ఒక మెసేజ్‌లో పడుతుంది. అమెరికా జాతీయ డేటాబేస్‌లో ఈ అంకెల పక్కన పేరు కూడా ఉండదు. నమూనా సంఖ్య, దాన్ని పంపిన ల్యాబ్ గుర్తు, పరీక్షించినవారి గుర్తు ఉంటాయి. పేరు, చిరునామా సంబంధిత ల్యాబ్ దగ్గరే ఉండిపోతాయి.

మరి వ్యక్తిగత గోప్యత గురించి అంత రభస ఎందుకు?

అంకెల వల్ల కంటే, వాటిని తీసిన అసలు నమూనా వల్ల. బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన ఆ కణాల్లో జన్యుక్రమం మొత్తం ఉంటుంది. ఈ రోజు ఇరవై చోట్లే చూశారు, రేపు మొత్తం చదవాలనుకుంటే చదవవచ్చు. అందుకే ఏ దేశపు చట్టాన్నయినా తూచేటప్పుడు నేను ముందు అడిగే ప్రశ్న ‘డేటాబేస్ ఎంత పెద్దది’ అని కాదు, ‘నమూనాను ఏం చేస్తారు’ అని. ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రొఫైల్ తీశాక ఆరు నెలల్లోగా నమూనాను నాశనం చేయాలన్నది నిబంధన. అమెరికాలో చాలా రాష్ట్రాలు దాచి ఉంచుతాయి.

ఇక రోగాల సంగతి. ప్రొఫైల్‌కు వాడే చోట్లు చాలావరకు శరీరానికి ప్రొటీన్ల తయారీ సూచనలు ఇచ్చే భాగాల్లో ఉండవు. ఆ అంకెలు చూసి ఫలానావారికి మధుమేహం వస్తుందనో, కోపిష్టి అనో చెప్పలేరు. కుటుంబ సంబంధం గురించి మాత్రం ఆ అంకెలు నోరు విప్పుతాయి. దాని గురించి కింద వస్తుంది.

ఏయే ఆనవాళ్ల నుంచి డీఎన్ఏ వస్తుంది?

రక్తం, వీర్యం, లాలాజలం, కుదురుతో ఊడిన వెంట్రుక, ఎముక, పన్ను, గోళ్ల కింద చిక్కుకున్న చర్మం. సిగరెట్ పీక, తాగి వదిలేసిన గ్లాసు అంచు, టోపీ లోపలి పట్టీ మంచి వనరులు. చేత్తో తాకిన వస్తువుల నుంచి కూడా రావచ్చు, కానీ రాకపోవడమే ఎక్కువ. కుదురు లేని వెంట్రుకలో మామూలు పద్ధతికి సరిపడే డీఎన్ఏ సాధారణంగా ఉండదు. దాని నుంచి తల్లి వైపు వంశాన్ని చూపే మైటోకాండ్రియా డీఎన్ఏ తీస్తారు. అది తల్లికీ, అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ ఒకటే కాబట్టి మనిషిని కాదు, కుటుంబాన్ని మాత్రమే చూపుతుంది.

చిటికెడు మరక సరిపోతుందా? ఎలా సేకరిస్తారు?

కంటికి కనిపించే మరక అంటే ల్యాబ్ దృష్టిలో పుష్కలమే. ఒక కణంలో ఉండే డీఎన్ఏ సుమారు 6.6 పికోగ్రాములు. నేటి కిట్లు హాయిగా పనిచేయడానికి ఒక నానోగ్రాము లేదా అందులో సగం చాలు, అంటే నూటయాభై కణాలు లేదా అంతకంటే తక్కువ. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు, పికోగ్రాము అందులో వెయ్యో వంతు.

సేకరణ చూడటానికి చప్పగా ఉంటుంది, కానీ కేసులు నిలిచేదీ వీగేదీ ఇక్కడే. ఎండిన రక్తపు మరకపై, స్వచ్ఛమైన నీటితో కొద్దిగా తడిపిన దూదిపుల్లను తిప్పుతూ అద్దుతారు. దాన్ని గాలికి ఆరనిచ్చి కాగితపు కవరులో పెడతారు. ప్లాస్టిక్ సంచి కూడదు. లోపల తేమ చేరితే బూజు పడుతుంది, బాక్టీరియా పెరుగుతుంది, డీఎన్ఏ ముక్కలుముక్కలైపోతుంది. కవరు మూసి, ఎవరు ఎప్పుడు ఎక్కడ తీశారో రాసి సంతకం చేస్తారు. ఆ తర్వాత అది చేతులు మారిన ప్రతిసారీ మరో సంతకం. ఈ వరుసలో ఒక్క సంతకం లేకపోయినా డిఫెన్స్ న్యాయవాది అక్కడే పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా.

ల్యాబ్‌లో ఏం జరుగుతుంది?

ముందు కణాలను విచ్ఛిన్నం చేసి డీఎన్ఏను వేరుచేస్తారు. అందులో మానవ డీఎన్ఏ ఎంతుందో కొలుస్తారు. తర్వాత పీసీఆర్ పద్ధతిలో ఆ ఇరవై చోట్లను మాత్రమే నకళ్లు తీస్తారు. ఒక్కో వలయానికి నకళ్లు రెట్టింపవుతాయి. 28 వలయాలు తిరిగితే ఒక్క ప్రతి నుంచి, లెక్క ప్రకారం, 26 కోట్లకు పైగా ప్రతులు వస్తాయి. ఈ పద్ధతిని కనిపెట్టిన కారీ ముల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమతి వచ్చింది.

నకళ్లకు రంగు గుర్తులు అంటి ఉంటాయి. వాటిని సన్నని గాజు గొట్టంలోంచి విద్యుత్తుతో లాగితే పొట్టి ముక్కలు ముందు, పొడవైనవి వెనక వస్తాయి. లేజర్ కాంతి ఒక్కోదాన్నీ గుర్తిస్తుంది. చివరికి తెరపై కనిపించేది ఒక గ్రాఫు: అడుగున చదునైన గీత, దానిపై అక్కడక్కడా నిటారుగా లేచిన శిఖరాలు, ఒక్కో శిఖరం కింద ఒక అంకె. టీహెచ్01 దగ్గర 6 మీద ఒక శిఖరం, 9.3 మీద మరొకటి. రెండూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటే ఆ నమూనా ఒక్కరిదే అనుకోవచ్చు.

అసలు శిఖరం పక్కనే, ఒక ముక్క తక్కువ పొడవు దగ్గర, చిన్న బుడిపె లేస్తుంది. అది నకలు తీసేటప్పుడు జారిన తప్పు. బలమైన నమూనాలో దాన్ని సులువుగా పక్కన పెట్టేస్తారు. బలహీనమైన నమూనాలో అది తప్పా, రెండో మనిషి తాలూకు నిజమైన శిఖరమా అని తేల్చడం దగ్గరే నిపుణుల మధ్య వాదనలు రేగుతాయి.

కంప్యూటర్ ‘కలిసింది’ అన్నాక వెంటనే అరెస్టు చేస్తారా?

చేయకూడదు. బాధ్యత గల వ్యవస్థల్లో క్రమం ఇలా ఉంటుంది. డేటాబేస్‌లో పోలిక కనబడగానే రెండు వైపుల ల్యాబ్‌లూ తమ రికార్డులు తీసి, ప్రొఫైల్ సరిగా నమోదైందా, నమూనా నిజంగా ఆ మనిషిదేనా అని చూసుకుంటాయి. అది తేలాకే పేరు దర్యాప్తు అధికారికి వెళుతుంది. ఆ అధికారి అనుమానితుడి నుంచి చట్టప్రకారం కొత్తగా నమూనా తీసి, నేరస్థలం ప్రొఫైల్‌తో మళ్లీ పోల్చిస్తారు. కోర్టు ముందుకు రావలసింది ఈ రెండో పోలికే. డేటాబేస్ ఇచ్చింది ఒక పేరు మాత్రమే. ఆ పేరు గల మనిషి ఆ రోజు ఎక్కడ ఉన్నాడు, బాధితుడితో పరిచయం ఉందా, ఆ వస్తువు అతని చేతికి ముందే వచ్చే అవకాశం ఉందా అన్నవన్నీ కాళ్లరిగేలా తిరిగి తెలుసుకోవలసినవే.

ఇద్దరికి ఒకే ప్రొఫైల్ ఉండే అవకాశం ఎంత?

లెక్క ఇలా వేస్తారు. ఒక చోట 6 అనే అంకె జనాభాలోని ప్రతుల్లో 20 శాతం, 9 అనే అంకె 10 శాతం ఉన్నాయనుకుందాం. ‘6, 9’ జత ఉండే అవకాశం 0.2 ను 0.1తో, మళ్లీ 2తో గుణిస్తే 0.04, అంటే 25 మందిలో ఒకరికి. ఒక్క చోటు చూస్తే ఏమంత గొప్ప కాదు. ఆరు చోట్లు ఇలాగే ఉంటే 24 కోట్ల మందిలో ఒకరు. పది చోట్లయితే 95 లక్షల కోట్లలో ఒకరు. ఇరవై చోట్ల పూర్తి ప్రొఫైల్ దగ్గరకు వచ్చేసరికి ఆ సంఖ్యను చదవడం కూడా కష్టం.

ఆరు చోట్లు చాలనుకున్న కాలం ఒకటుంది. బ్రిటన్‌లో 1999లో ఒక దొంగతనం కేసులో ఆరు చోట్ల ప్రొఫైల్ ఒక వ్యక్తితో కలిసింది. యాదృచ్ఛికంగా కలిసే అవకాశం 3.7 కోట్లలో ఒకటి అన్నారు. తీరా ఆ మనిషి ముదిరిన పార్కిన్సన్స్ వ్యాధిగ్రస్తుడు, దొంగతనం జరిగిన ఇల్లు 200 మైళ్ల దూరంలో ఉంది. పది చోట్లు పరీక్షించగానే ఆ ప్రొఫైల్ అతనిది కాదని తేలింది. బ్రిటన్ 1999లోనే పది చోట్లకు, 2014లో పదహారుకు మారింది. అమెరికా 13 నుంచి 20కి 2017 జనవరిలో మారింది.

‘పది లక్షల్లో ఒకటి’ అంటే ఆ మనిషే నేరస్థుడనే అవకాశం 99.9999 శాతమనేగా?

కాదు. ఈ తికమక కోర్టుల్లోనూ జరుగుతుంది. పది లక్షల్లో ఒకటి అంటే, సంబంధం లేని ఒక మనిషిని దారిన పట్టుకుని పరీక్షిస్తే అతని ప్రొఫైల్ కలిసే అవకాశం. అతను నిర్దోషి అయ్యే అవకాశం కాదు.

నమూనా పాడైపోయి కొన్ని చోట్ల అంకెలే దొరికాయనుకుందాం. యాదృచ్ఛిక పోలిక అవకాశం పది లక్షల్లో ఒకటి. దాన్ని 50 లక్షల మంది ఉన్న డేటాబేస్‌లో వెతికితే, అసలు దోషి అందులో లేకపోయినా, సగటున ఐదుగురు ‘కలుస్తారు’. ఆ ఐదుగురిలో ఒక్కరే కంటబడి, మిగతా సాక్ష్యమేమీ లేకుండా కోర్టు మెట్లెక్కితే ఆ పెద్ద సంఖ్య విని ఎవరైనా బెదిరిపోతారు. ముందే వేరే ఆధారాలతో అనుమానించిన మనిషి ప్రొఫైల్ కలవడం ఒకటి, లక్షల మందిలో జల్లెడ పట్టి తీసిన మనిషి ప్రొఫైల్ కలవడం మరొకటి. పూర్తి ప్రొఫైల్ ఉన్నప్పుడు ఈ తేడా వల్ల పెద్దగా ఒరిగేది లేదు. అసంపూర్ణ ప్రొఫైల్ విషయంలో తీర్పే తారుమారు కావచ్చు. అందుకే అమెరికా జాతీయ డేటాబేస్ మరీ అరకొర ప్రొఫైళ్లను తీసుకోదు. కనీసం ఇన్ని చోట్లు ఉండాలని, అరుదుదనం కనీసం కోటిలో ఒకటి ఉండాలని హద్దు పెట్టింది.

కవలల సంగతి?

ఒకే అండం నుంచి పుట్టిన కవలల ప్రొఫైళ్లు ఒకటే. ఈ పద్ధతి వారిని విడదీయలేదు. వేలిముద్రలు విడదీస్తాయి.

డీఎన్ఏ కలిసిందంటే ఆ మనిషి అక్కడికి వెళ్లినట్టేనా?

అతని కణాలు అక్కడికి చేరాయని మాత్రమే. ఎప్పుడు చేరాయో, ఎలా చేరాయో ప్రొఫైల్‌లో రాసి ఉండదు. నా దృష్టిలో ఈ పేజీ మొత్తంలో గుర్తుంచుకోవలసిన ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త వివరంగా.

2012లో కాలిఫోర్నియాలో ఒక సంపన్నుడు తన ఇంట్లో హత్యకు గురయ్యాడు. అతని గోళ్ల కింద దొరికిన డీఎన్ఏను డేటాబేస్‌లో వెతికితే, పాత కేసు ఉన్న ఒక నిరాశ్రయుడి పేరు వచ్చింది. హత్యానేరం మోపి నెలల తరబడి జైల్లో ఉంచారు. అతని తరఫు న్యాయవాది ఆసుపత్రి రికార్డులు తిరగేస్తే, హత్య జరిగిన రాత్రి అతను విపరీతంగా తాగి స్పృహ లేని స్థితిలో ఆసుపత్రి మంచంపై ఉన్నాడు. మరి డీఎన్ఏ? అతన్ని ఆసుపత్రికి చేర్చిన అంబులెన్సు సిబ్బందే కొన్ని గంటల తర్వాత హత్య జరిగిన ఇంటికి వెళ్లారు. అతని కణాలు వారి ద్వారా చేరినట్టు చివరికి తేల్చారు. ల్యాబ్ పొరపాటు ఏమీ లేదు, ప్రొఫైల్ నూటికి నూరుపాళ్లు అతనిదే. తప్పంతా దానికి తీసిన అర్థంలో ఉంది.

చేయి కలిపితే కణాలు మారతాయి. ఒకే తువ్వాలు వాడితే మారతాయి. పరీక్షల సున్నితత్వం పెరిగే కొద్దీ ఇలాంటి అమాయకపు ఆనవాళ్లు ఎక్కువగా పట్టుబడతాయి. పగిలిన కిటికీ అద్దంపై తాజా రక్తానికీ, తలుపు గడియపై నాలుగు కణాలకూ ఒకే బరువు ఇవ్వలేం.

ల్యాబ్‌లు పొరపాట్లు చేయవా?

చేస్తాయి. అన్నిటికంటే విచిత్రమైనది జర్మనీలో జరిగింది. 1993 నుంచి జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో హత్యలు మొదలుకొని చిల్లర దొంగతనాల దాకా సుమారు నలభై నేరస్థలాల్లో ఒకే స్త్రీ డీఎన్ఏ కనిపించింది. 2007లో హైల్‌బ్రాన్ నగరంలో ఒక పోలీసు అధికారిణి హత్యతో వేట తీవ్రమైంది. 3 లక్షల యూరోల బహుమతి ప్రకటించారు. ఆమె ముఖం చూసినవారే లేరు.

2009లో, కాలిపోయిన ఒక పురుషుడి శవం ఎవరిదో తేల్చడానికి అతను గతంలో ఇచ్చిన వేలిముద్రల కాగితాన్ని పరీక్షిస్తే, దానిపైనా అదే స్త్రీ! అప్పుడు అనుమానం దూదిపుల్లల మీదికి మళ్లింది. ఆ స్త్రీ వాటిని ప్యాక్ చేసే కార్మికురాలు. పుల్లలను క్రిమిరహితం చేశారు కానీ, క్రిములు చచ్చినంత మాత్రాన డీఎన్ఏ పోదు. ఏళ్ల తరబడి పోలీసులు వెంటాడింది తమ పెట్టెలోని సరుకునే.

ఆ తర్వాత ఇలాంటి వస్తువుల తయారీకి 2016లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ల్యాబ్ సిబ్బంది, నేరస్థలానికి వెళ్లే పోలీసుల ప్రొఫైళ్లతో విడిగా ఒక జాబితా ఉంచి, ప్రతి ఫలితాన్నీ ముందు దానితో పోల్చే అలవాటు బలపడింది. నమూనా ఏమీ లేని ఖాళీ పుల్లను కూడా పరీక్షలో నడిపిస్తారు. అందులో ఏదైనా శిఖరం లేచిందంటే ఎక్కడో కలుషితం జరిగినట్టు.

ఇద్దరు ముగ్గురి డీఎన్ఏ కలిసిపోతే?

ఇద్దరిదైతే, ఒకరి వాటా స్పష్టంగా ఎక్కువ ఉంటే, విడదీయడం సాధ్యమే. లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి ప్రొఫైల్ ముందే తెలుసు కాబట్టి మిగిలిన శిఖరాలు మరొకరివి. అక్కడ మగవారిలో మాత్రమే ఉండే వై క్రోమోజోము పరీక్ష కూడా బాగా పనికొస్తుంది. ఎంత స్త్రీ డీఎన్ఏ ఉన్నా అందులో పురుషుడిదే బయటపడుతుంది. అయితే తండ్రి, కొడుకు, అన్నదమ్ములకు అది సాధారణంగా ఒకటే.

నలుగురైదుగురు తాకిన తుపాకీ పిడి లాంటివి మాత్రం తలనొప్పి. వాటికి ఇప్పుడు ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు వాడుతున్నారు. ‘ఈ మనిషి ఇందులో ఉంటే ఈ గ్రాఫు రావడానికి, లేకపోతే రావడానికి మధ్య ఎన్ని రెట్ల తేడా’ అని అవి లెక్కగడతాయి. ఆ సాఫ్ట్‌వేర్ లోపలి కోడ్‌ను డిఫెన్స్ వారికి చూపాలా వద్దా అన్న తగువు అమెరికా కోర్టుల్లో చాలాసార్లు నడిచింది. చూపాలనే నా అభిప్రాయం. జైలుకు పంపే లెక్కను తనిఖీ చేసే హక్కు ముద్దాయికి ఉండాలి.

నేరస్థుడు డేటాబేస్‌లో లేకపోతే దారి మూసుకుపోయినట్టేనా?

ఒకప్పుడు అంతే. ఇప్పుడు రెండు పక్కదారులున్నాయి.

మొదటిది బంధువుల వెతుకులాట. తల్లిదండ్రులకూ బిడ్డకూ ప్రతి చోటా కనీసం ఒక అంకె కలుస్తుంది. అన్నదమ్ముల మధ్య కూడా పరాయివారి కంటే ఎక్కువ కలుస్తాయి. పూర్తిగా కలవకపోయినా, అనుమానాస్పదంగా దగ్గరగా ఉన్న ప్రొఫైళ్లను డేటాబేస్ నుంచి తీసి వారి కుటుంబాలపై దృష్టి పెడతారు. 2003లో బ్రిటన్‌లో రహదారి వంతెనపై నుంచి విసిరిన ఇటుక తగిలి ఒక లారీ డ్రైవరు చనిపోయాడు. ఇటుకపై రక్తం ఉంది, దాని ప్రొఫైల్ ఎవరితోనూ కలవలేదు. పాత నేరస్థుడైన ఒక బంధువు ద్వారా దోషిని పట్టుకున్నారు. 2004లో శిక్ష పడింది. కాలిఫోర్నియాలో ‘గ్రిమ్ స్లీపర్’ అని పేరు పడిన వరుస హంతకుడు 2010లో తన కొడుకు ప్రొఫైల్ వల్ల దొరికాడు.

రెండోది వంశవృక్షాల దారి. ఇది పోలీసు డేటాబేస్ కాదు. తమ పూర్వీకులెవరో తెలుసుకోవాలని జనం సొంతంగా డీఎన్ఏ ఫలితాలు పెట్టుకునే వెబ్‌సైట్లు. ఇరవై చోట్ల ప్రొఫైల్ ఇక్కడ పనికిరాదు. నేరస్థలం నమూనాను మళ్లీ పరీక్షించి లక్షల చోట్ల అక్షరాలను చదవాలి. అప్పుడు మూడో తరం, నాలుగో తరం దాయాదులు బయటపడతారు. అక్కడి నుంచి పుట్టుక, పెళ్లి, మరణాల రికార్డులు, పాత పత్రికలు తిరగేస్తూ కొమ్మ కొమ్మా గాలించాలి. 1970లు, 80లలో కాలిఫోర్నియాను వణికించిన ‘గోల్డెన్ స్టేట్ కిల్లర్’ 2018 ఏప్రిల్‌లో ఇలాగే దొరికాడు. జోసెఫ్ డీఏంజెలో, 72 ఏళ్ల మాజీ పోలీసు. వంశవృక్షం అతని దాకా తెచ్చాక కారు తలుపు పిడిపై నుంచి, చెత్తలో పారేసిన కాగితపు రుమాలు నుంచి నమూనా తీసి మామూలు పద్ధతిలో పోల్చారు. 2020లో 13 హత్యలు ఒప్పుకున్నాడు.

ఇబ్బంది ఏమిటంటే, ఈ రెండు దారుల్లోనూ ఏ పాపం తెలియని బంధువులు దర్యాప్తులోకి వస్తారు. వారిని ఎవరూ అడగలేదు. ఆ వెబ్‌సైట్లలో ప్రధానమైన జెడ్‌మ్యాచ్ 2019లో తన నిబంధన మార్చి, సభ్యులు ప్రత్యేకంగా ఒప్పుకుంటేనే పోలీసుల వెతుకులాటకు చూపుతామంది.

ఎవరి ప్రొఫైళ్లు చేరుస్తారు? ఎంతకాలం ఉంచుతారు?

దేశానికో తీరు. బ్రిటన్ ఒకప్పుడు అరెస్టయిన ప్రతివారి ప్రొఫైల్‌నూ, నిర్దోషిగా తేలినా సరే, ఉంచేసేది. పదకొండేళ్లకు అరెస్టయి నిర్దోషిగా విడుదలైన ఒక బాలుడు, కేసే ఎత్తేసిన మరో వ్యక్తి కలిసి యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. 2008 డిసెంబరులో పదిహేడుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా బ్రిటన్‌ను తప్పుబట్టారు. 2012 చట్టంతో అక్కడ చాలావరకు దిద్దుబాటు జరిగింది. అమెరికాలో మాత్రం తీవ్ర నేరంపై అరెస్టయినవారి నుంచి నమూనా తీయవచ్చని సుప్రీంకోర్టు 2013లో తీర్పునిచ్చింది, అదీ 5-4 తేడాతో. భారత్‌లో 2019లో లోక్‌సభలో పెట్టిన డీఎన్ఏ బిల్లును 2023లో ఉపసంహరించుకున్నారు. జీవ నమూనాల సేకరణకు 2022 నాటి నేర గుర్తింపు చట్టం వీలు కల్పిస్తోంది.

ఫలితం రావడానికి ఎంత సమయం పడుతుంది?

పరీక్షకు ఒకటి రెండు రోజులు. వంతు రావడానికి నెలలు. అరెస్టయిన మనిషి బుగ్గ నమూనాకైతే రెండు గంటల్లోపే ప్రొఫైల్ తీసే యంత్రాలు వచ్చాయి. నేరస్థలంలో దొరికిన మొండి నమూనాలకు ఇప్పటికీ ల్యాబే గతి.

ఈ పద్ధతి నిర్దోషులకు ఉపయోగపడిందా?

అసలు మొదటి కేసులోనే. బ్రిటన్‌లో లెస్టర్ నగరం దగ్గర 1983లో, 1986లో ఇద్దరు బాలికలు హత్యకు గురయ్యారు. పదిహేడేళ్ల కుర్రాడు రెండో హత్య తానే చేశానని ఒప్పుకున్నాడు. పోలీసులు రెండూ అతని మీద తేల్చుకుందామని, 1984లో లెస్టర్ విశ్వవిద్యాలయంలో డీఎన్ఏ ముద్రలను కనిపెట్టిన అలెక్ జెఫ్రీస్‌ను ఆశ్రయించారు. రెండు హత్యలూ చేసింది ఒక్కడే, కానీ ఈ కుర్రాడు కాదని పరీక్ష చెప్పింది. తర్వాత చుట్టుపక్కల ఊళ్లలో ఐదు వేల మందికి పైగా మగవాళ్ల రక్తం పరీక్షించారు. ఎవరితోనూ కలవలేదు. ఒక బేకరీ ఉద్యోగి, తోటి ఉద్యోగి కోలిన్ పిచ్‌ఫోర్క్ పేరు మీద తానే రక్తం ఇచ్చానని పబ్బులో నోరు జారాడు. విన్నవారొకరు పోలీసులకు చెప్పారు. పిచ్‌ఫోర్క్‌కు 1988 జనవరిలో జీవిత ఖైదు పడింది. ఇంత కొత్త శాస్త్రం రంగంలోకి దిగినా, మనిషిని పట్టిచ్చింది పబ్బులో కబుర్లే.

డేటాబేస్ నేరుగా చేసిన మేలుకు కిర్క్ బ్లడ్స్‌వర్త్ ఉదాహరణ. అమెరికాలో ఒక చిన్నారి హత్య కేసులో 1985లో అతనికి మరణశిక్ష పడింది. 1993లో డీఎన్ఏ పరీక్ష అతన్ని విడిపించింది. అయినా ఇరుగుపొరుగు నమ్మలేదు, ‘ఏదో లొసుగుతో బయటపడ్డాడు’ అన్నారు. 2003లో ఆ కేసు ఆనవాలును డేటాబేస్‌లో వెతికితే అసలు దోషి పేరు వచ్చింది. ఆ మనిషి వేరే నేరంపై అదే జైల్లో, బ్లడ్స్‌వర్త్ గదికి కింది అంతస్తులో ఉన్నవాడే.

పోలీసులు స్వచ్ఛందంగా నమూనా ఇవ్వమంటే ఇవ్వాలా?

స్వచ్ఛందం అంటే కాదనే హక్కు ఉన్నట్టే. కాదన్నంత మాత్రాన అది నేరానికి సాక్ష్యం కాదు. ఇవ్వదలచుకుంటే ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి: ఈ ఒక్క కేసుకే పోలుస్తారా, శాశ్వత డేటాబేస్‌లో చేరుస్తారా, కేసు ముగిశాక నమూనానూ ప్రొఫైల్‌నూ ఎప్పుడు తొలగిస్తారు. సంతకం చేసే పత్రంలో ఈ మూడింటికీ జవాబు లేకపోతే న్యాయవాదికి చూపించాకే సంతకం పెట్టండి. అప్పటికే నమూనా ఇచ్చి ఉండి, కేసు కొట్టేస్తే, చాలా దేశాల్లో తొలగింపు దానంతటదే జరగదు. కోర్టు ఉత్తర్వు ప్రతి జతచేసి దరఖాస్తు పెట్టుకోవాలి, తొలగించినట్టు లేఖ చేతికి వచ్చేదాకా వెంటపడాలి.